కారణం అడగని రోడ్డు

మా నల్గొండలో పరుగెత్తే మనిషి కనబడితే ఊరికి రెండే కారణాలు తోస్తాయి. ఒకటి పోలీసు ఉద్యోగం, రెండోది షుగర్. తెల్లవారుజామున ఏ కాలేజీ మైదానానికి వెళ్లినా ఈ రెండు గుంపులూ ఉంటాయి. కానిస్టేబుల్ ఎంపికలకు సిద్ధమయ్యే పిల్లలు, బూట్లున్నవాళ్లు బూట్లతో, లేనివాళ్లు వట్టికాళ్లతో చుట్లు కొడుతుంటారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. ఆ అంకెలు వాళ్లకు ఎక్కాల కంటే బాగా వచ్చు. వాళ్ల పక్కనే, డాక్టరు చెప్పాడని చేతులు ఊపుకుంటూ నడిచే పెద్దలు. ఉద్యోగం వచ్చిన మర్నాడు ఆ పిల్లలు పరుగు మానేస్తారు. రక్తంలో చక్కెర తగ్గిందని కాగితం చెప్పగానే ఈ పెద్దలు నడక మానేస్తారు.

ఈ రెంటిలో దేనికీ చెందని మనిషి, అందులోనూ నలభై దాటిన ఒక బడిపంతులమ్మ, ఉత్తపుణ్యానికి రోడ్డు మీద పరుగెత్తితే ఊరికి అంతుపట్టదు. "మేడమ్, ఏమైంది? ఎవరికైనా బాగాలేదా?" అని బండి ఆపి అడిగినవారున్నారు. వాళ్లది మంచి మనసే. బండి ఆపకుండా పక్కనే మెల్లగా నడుపుతూ మాటలు విసిరే కుర్రాళ్లది మాత్రం మంచి మనసు కాదు. ఇద్దరూ అడుగుతున్నది ఒకటే: నీకు ఈ రోడ్డు మీద పనేమిటి?

నేను కోరేది ఇది. నల్గొండ తన ప్రధాన రహదారిని ఏడాదికి ఒక్క ఉదయం వాహనాలకు మూసి, పరుగెత్తగలిగినవారికి, నడవగలిగినవారికి, చక్రాల కుర్చీలో కదలగలిగినవారికి అప్పగించాలి. మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి కూడా అలాగే చేయాలి. విశాఖ సముద్రతీరంలో పది కిలోమీటర్ల పరుగులో పాల్గొని వచ్చాక ఈ కోరిక నన్ను వదలడం లేదు.

మా ఊరి నుంచి విశాఖ చేరడం కష్టమేమీ కాదు. సికింద్రాబాద్‌లో బయలుదేరే విశాఖ ఎక్స్‌ప్రెస్ నల్గొండ, మిర్యాలగూడ, గుంటూరు మీదుగా రాత్రంతా నడిచి మమ్మల్ని తీరానికి చేరుస్తుంది. అక్కడ తూర్పు నౌకాదళం 2014 నుంచి వైజాగ్ నేవీ మారథాన్ నిర్వహిస్తోంది. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు, అందులో సగం హాఫ్ మారథాన్. వాటితోపాటు పది, అయిదు కిలోమీటర్ల పరుగులు. చాలామంది వచ్చేది ఈ చిన్న దూరాలకే. వాళ్ల కోసమే వచ్చాను అనిపించింది నాకు, ఆ గుంపును చూశాక.

చీకటి ఇంకా విడవలేదు. ఆర్కే బీచ్ రోడ్డు నిండా మనుషులు. రామకృష్ణ మిషన్ ఆశ్రమం పేరు మీదుగా వచ్చిన పేరది. ఒకవైపు 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామి, మరోవైపు దీపాలు వెలుగుతున్న హోటళ్లు, మధ్యలో తల మీద తల. తలకు రుమాలు కట్టుకున్న తాత. కట్టుచీరను కాస్త పైకి దోపుకుని కాన్వాస్ బూట్లు తొడుక్కున్న ఒక అమ్మమ్మ, ఆమె చెయ్యి పట్టుకున్న మనవరాలు. చూపు లేని ఒక యువకుడు తన మణికట్టుకూ తోటి పరుగరి మణికట్టుకూ మధ్య చిన్న తాడు కట్టించుకుంటున్నాడు. ఆఫీసు మిత్రులు ఒకే రంగు టీషర్టులు వేసుకుని ఫోటోలు దిగుతున్నారు. బొద్దుగా ఉన్నవాళ్లు ఉన్నారు, బక్కగా ఉన్నవాళ్లు ఉన్నారు. ఎవరూ ఎవరినీ ఎగాదిగా చూడటం లేదు.

రొమ్ము మీద పిన్నీసులతో గుచ్చుకునే నంబరు కాగితాన్ని బిబ్ అంటారు. సమయం లెక్కించే పరుగుల్లో దానికి చిన్న చిప్ ఉంటుంది. ప్రారంభ గీత దగ్గర పరిచిన పట్టీ మీద మన అడుగు పడినప్పుడే మన గడియారం మొదలవుతుంది. ముందు వరుసలో నిలబడ్డవాడు ఎప్పుడో వెళ్లిపోయినా, వెనక వరుసలోని మనిషికి ఒక్క క్షణం కూడా నష్టం లేదు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. వెనక నిలబడటంలో చిన్నతనం లేకుండా చేసిన సాంకేతికత అది.

మొదటి రెండు కిలోమీటర్లలోనే ఒళ్లంతా తడిసిపోయింది. మాది పొడి ఎండ. మే నెలలో చెంపలు మండిపోతాయి కానీ చెమట పట్టిన వెంటనే ఆరుతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. సముద్రం పక్కన గాలిలోనే నీరుంటుంది కాబట్టి చెమట ఆరదు, కారుతుంది. వేడి లోపలే ఉండిపోతుంది. అందుకే చలికాలపు ఉదయమైనా అక్కడ గుండె వేగం త్వరగా పెరుగుతుంది. పొడినేల నుంచి వెళ్లేవారు ఈ సంగతి గుర్తుంచుకుని మొదట్లో నెమ్మదిగా సాగాలి, నీళ్లతోపాటు కాస్త ఉప్పు కూడా తీసుకోవాలి. కైలాసగిరి వైపు వెళ్లేకొద్దీ రోడ్డు పైకి లేస్తుంది. అక్కడ అడుగులు చిన్నవి చేసుకుని, చూపు నేల మీద పెట్టుకుని ఎక్కాలి.

తూర్పు తీరం కదా, సూర్యుడు నీళ్లలోంచే వస్తాడు. అందరూ అటు తిరిగి ఫోన్లు పైకెత్తారు. నేనూ చూశాను, అందంగానే ఉంది. అయినా నా ధ్యాసంతా కాళ్ల కిందున్న తారు మీదే. నాలుగు వరుసల రోడ్డు, మధ్య గీత మీద నేను. హారన్ లేదు. వెనక నుంచి ఏ బండి వస్తుందోనని మెడ తిప్పాల్సిన పని లేదు. చున్నీ సర్దుకోవాలన్న ఆలోచన లేదు. నీళ్ల బల్లల దగ్గర విద్యార్థులు గ్లాసులు అందిస్తూ "ఆంటీ, బాగా చేస్తున్నారు, ఇంకొంచెమే" అని అరుస్తున్నారు. పెళ్లయినప్పటి నుంచి నేను రోడ్డు మీద నడిచిన ప్రతిసారీ ఏదో ఒక పని మీదే నడిచాను: బడికి, మార్కెట్‌కు, ఆసుపత్రికి, బ్యాంకుకు. ఏ పనీ లేకుండా నడిరోడ్డు నాదైన ఉదయం అదే.

ఊరికి తిరిగి వచ్చి ఈ మాట చెబితే చాలామంది అన్నది ఒకటే. "మీకేమమ్మా, వాళ్లకు సముద్రముంది."

సముద్రానికి ఇందులో పాత్ర తక్కువని నా వాదన. విశాఖలో ఆ మారథాన్ రోజునే కాదు, మామూలు ఉదయాల్లోనూ బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలను ఆపి నడిచేవారికి వదిలే అలవాటు ఉంది. ఆ అలవాటే అంత జనాన్ని తయారుచేసింది. రోజూ ఆ రోడ్డు మీద నడిచిన అమ్మమ్మే ఏడాదికోసారి బిబ్ గుచ్చుకుని వస్తుంది. అలలు ఎవరినీ ఇంట్లోంచి బయటికి లాగవు. భయం లేని రోడ్డు లాగుతుంది. కొలంబియా రాజధాని బొగోటా సముద్రానికి ఎంతో దూరంగా కొండల మధ్య ఉంది. అక్కడ 1974లో మొదలైన అలవాటు పెరిగి, ఇప్పుడు ఆదివారాలు, సెలవు రోజుల్లో వంద కిలోమీటర్లకు పైగా రోడ్లను మధ్యాహ్నం దాకా కార్లకు మూసేస్తున్నారు. దాన్ని వాళ్లు సిక్లోవియా అంటారు. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 2021లో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపగానే పిల్లాపాపలతో కుటుంబాలు ఎలా దిగివచ్చాయో మనం చూశాం.

ఈ సంగతిలో నాకు బాగా ఇష్టమైన కథ ఒకటుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో సముద్రపు అంచు వెంబడి 'రౌండ్ ద బేస్' అనే పరుగు 1970ల నుంచి జరుగుతోంది. ఇంగ్లండ్‌కు చెందిన బ్రెండన్ ఫోస్టర్ ఒకసారి అందులో పాల్గొన్నాడు. 1976 ఒలింపిక్స్‌లో పదివేల మీటర్ల పరుగులో కంచు పతకం గెలిచిన మనిషి. అక్కడ గెలుపోటములతో పనిలేకుండా ఊరంతా పరుగెత్తడం చూశాడు. అతనిది ఈశాన్య ఇంగ్లండ్, బొగ్గు గనులూ ఓడల కర్మాగారాలూ ఉన్న శ్రామిక ప్రాంతం. ఇంటికి వచ్చి 1981లో న్యూకాజిల్ నుంచి సౌత్ షీల్డ్స్ తీరం దాకా 'గ్రేట్ నార్త్ రన్' మొదలుపెట్టాడు. మొదటి ఏడాదే దాదాపు 12,000 మంది వచ్చారు. ఇప్పుడది ప్రపంచంలోని అతిపెద్ద హాఫ్ మారథాన్లలో ఒకటి. ఒలింపిక్ పతకం కంటే ఈ పనికే ఫోస్టర్‌ను ఎక్కువగా తలుచుకోవాలని నాకనిపిస్తుంది. పరాయి తీరంలో చూసి ముచ్చటపడినదాన్ని తన ఊరికి పట్టుకొచ్చాడు.

మా అమ్మ అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంత సులువుగా జవాబు దొరకలేదు. ఆమె నాట్లు వేసి, కలుపు తీసి, వరికోతలు కోసి మమ్మల్ని చదివించిన మనిషి.

"పైసలు కట్టి మరీ పరుగెత్తడమేమిటి బిడ్డా? ఎవరైనా తరుముతున్నారా?"

"ఎవరూ తరమడం లేదమ్మా. అందుకే బాగుంది."

"మా కాళ్లకు పొద్దంతా పనే ఉండేది. మళ్లీ ఊరికే పరుగెత్తమంటే నవ్వేవాళ్లం."

ఆమె మాటలో బరువుంది. దక్షిణ తెలంగాణ కాళ్లు ఎంత పని చేశాయో చెప్పనలవి కాదు. పాలమూరు కూలీలు తట్టా పారా పట్టుకుని దేశమంతటా కాలువలు తవ్వారు, కట్టలు పోశారు. 1955లో పునాదిరాయి పడ్డ నాగార్జునసాగర్ రాతి కట్టడం. ఆ రాళ్లను మోసినవి వేల మంది కూలీల తలలూ కాళ్లే. అలాంటి నేల మీద, కూర్చుని జీతం తీసుకునే నాలాంటివాళ్లు వందలు పోసి టీషర్టు కొనుక్కుని పరుగెత్తడాన్ని తిన్నది అరగనివాళ్ల సరదా అంటే, ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేను.

అయినా అమ్మతో నేను ఏకీభవించను. ఆమె కాళ్లు జీవితమంతా ఎవరి కోసమో కదిలాయి: ఆసామి పొలం కోసం, మా ఫీజుల కోసం, నాన్న మందుల కోసం. తన కాళ్లు తన సంతోషం కోసం కదిలిన రోజులేవని అడిగితే ఆమె చాలాసేపు ఆలోచించి చెప్పిన జవాబు ఒక్కటే, బతుకమ్మ. ఒళ్లు వంచి పనిచేసేవారికి ఒంటి సంతోషం అక్కర్లేదనుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. శ్రమతో అలసిన ఒళ్లూ ఆటతో అలసిన ఒళ్లూ ఒకటి కావని మా అమ్మకూ తెలుసు. బతుకమ్మ ఆడి వచ్చిన రాత్రి ఆమె నడుం నొప్పి అనడం నేనెప్పుడూ వినలేదు.

బతుకమ్మ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన ఊళ్లకు రోడ్డు మూయడం కొత్త కాదు. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం వేల మంది ఆడవాళ్లు పట్టుచీరల్లో, తలల మీద బతుకమ్మలతో రోడ్ల మీదికి వస్తారు. బండ్లు ఆగుతాయి, పోలీసులు తాళ్లు కడతారు, చెరువు కట్ట దాకా దారి మొత్తం ఆడవాళ్లదే. ఆ సాయంత్రం ఏ స్త్రీనీ "నీకిక్కడ పనేమిటి" అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. గుంపు ఇచ్చే అభయం అది. వినాయక నిమజ్జనానికి రోడ్డు మూస్తాం. నాయకుల ఊరేగింపులకు మూస్తాం. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వచ్చిందంటే హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీది వాహనాలనే దారి మళ్లిస్తాం. కాబట్టి "ట్రాఫిక్ ఏమవుతుంది" అని ఎవరైనా అడిగితే నాకు ఓపిక నశిస్తుంది. ఆదివారం ఉదయం అయిదున్నర నుంచి ఎనిమిది దాకా ఏ ట్రాఫిక్?

"స్టేడియం ఉంది కదా, అక్కడ పెట్టుకోండి" అనేది మరో మాట. స్టేడియానికి ప్రహరీ ఉంటుంది, గేటు ఉంటుంది. లోపలికి వెళ్లేవాళ్లు అప్పటికే ఆటగాళ్లు. పాలప్యాకెట్ కోసం గుమ్మంలోకి వచ్చిన ఇల్లాలు లోపల జరిగేది చూడదు. రోడ్డు మీద పరుగు ఆమె ఇంటి ముందు నుంచే వెళుతుంది. మొదటి ఏడాది నిలబడి చూస్తుంది. రెండో ఏడాది ఎవరో తెలిసిన ముఖం కనిపిస్తే చెయ్యి ఊపుతుంది. మూడో ఏడాది కూతురు పోరు పడలేక తానూ దిగుతుంది. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ పరుగెత్తుతుంటే నిర్వాహకుడొకడు ఆమెను పట్టుకుని బయటికి లాగబోయాడు. ఆడవాళ్లను అధికారికంగా అనుమతించడానికి బోస్టన్‌కు 1972 దాకా పట్టింది, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984లో గానీ రాలేదు. నల్గొండలో నన్ను ఎవరూ చెయ్యి పట్టి లాగరు. లాగే పని చూపులే చేస్తాయి. చూపులు మారాలంటే జనం కళ్లకు అలవాటు కావాలి, అలవాటయ్యేది రోడ్డు మీదే.

మా జిల్లాకు ఈ పరుగు మిగతా ఊళ్ల కంటే ఎక్కువ అవసరమని నేననుకోవడానికి ఇంకో కారణం ఉంది. దేశమంతటా నల్గొండ పేరు చెబితే చాలాకాలం పాటు గుర్తొచ్చింది వంగిన ఎముకలే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఆ గీతను ఎన్నో రెట్లు దాటిన బోరు నీళ్లు తాగి తరాలు పెరిగాయి. ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది, కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది, పిల్లల మోకాళ్లు లోపలికో బయటికో తిరిగిపోతాయి. ముదిరాక వెనక్కి మళ్లించే మందు లేదు. పటికా సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు రూపొందించి దానికి పెట్టిన పేరే 'నల్గొండ టెక్నిక్'. ఒక జబ్బుకు విరుగుడుగా మా ఊరి పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. శివన్నగూడెం అంశల స్వామి లాంటివారు వంకర తిరిగిన ఒంటితోనే ఢిల్లీ దాకా వెళ్లి మంచినీళ్ల కోసం పోరాడారు. ఆయన 2023లో కన్నుమూశారు. మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో 2015లో లేచింది, కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి. ఆ నీళ్లు తాగి పెరుగుతున్న పిల్లలు ఇప్పుడు నా తరగతిలో కూర్చుంటున్నారు.

ఆ పిల్లలు నల్గొండ నడిరోడ్డు మీద పరుగెత్తడం నేను చూడాలి. వాళ్ల కంటే ముందు, పరుగెత్తే అవకాశమే దొరకని వాళ్ల తాతలూ పెదనాన్నలూ చక్రాల కుర్చీల్లో, మూడు చక్రాల బండ్ల మీద బయలుదేరాలి. వాళ్లను దయతో చివర కలుపుకోవడం నాకు సమ్మతం కాదు. నీళ్ల కోసం కొట్లాడింది వాళ్లు, మొదటి వరుస వాళ్లదే.

దారి కూడా మాకు సిద్ధంగా ఉంది. గడియారం సెంటర్ నుంచి పానగల్లు ఉదయ సముద్రం కట్ట మూడు నాలుగు కిలోమీటర్లు. కందూరు చోళుల కాలపు చెరువది. ఈ రోజు సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీటిని నిలుపుకునే 1.5 టీఎంసీల జలాశయం. పక్కనే ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం. పేరులోనే సముద్రం ఉన్న నీటి ఒడ్డున పరుగు ముగుస్తుంటే ఇంకే తీరం కావాలి? మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి దారి ఉంది, గద్వాల వాళ్లకు జూరాల ఉంది.

ఎలా జరగాలో కూడా నాకు స్పష్టంగా ఉంది. డిసెంబరు చివర్లోనో జనవరి మొదట్లోనో పెట్టాలి, ఫిబ్రవరి దాటితే మా ఎండ ఒప్పుకోదు. రుసుము వద్దు. పెద్ద నగరాల పరుగుల్లో నమోదు రుసుము ఒక కూలీ దినసరిని మించుతుంది, అక్కడే సగం ఊరు బయట ఆగిపోతుంది. టీషర్టూ పతకమూ లేకపోయినా నష్టం లేదు. నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండు చాలు. కాళ్లకు బూట్లు ఉండాలన్న నిబంధన వద్దు. నమోదు కాగితాలు బడుల్లో, అంగన్‌వాడీల్లో, మహిళా సంఘాల సమావేశాల్లో పంచాలి. పట్టణంలో ఉన్న వైద్యులు దారి పొడవునా నిలబడాలి, ఒక అంబులెన్సు వెనకే రావాలి. వేదికా, ఉపన్యాసాలూ వద్దు. ఏ నాయకుడైనా వస్తానంటే బిబ్ గుచ్చుకుని వరుసలో నిలబడాలి. అన్నిటికంటే ముఖ్యం, గడువు. పెద్ద పరుగుల్లో ఫలానా సమయం దాటాక రోడ్డు తెరిచేస్తారు, వెనకబడినవాళ్లు పేవ్‌మెంట్ ఎక్కాలి. మా దగ్గర చివరి మనిషి కట్ట చేరేదాకా ఒక్క బండి కూడా కదలకూడదు.

ఈ వివరాలన్నీ వినతిపత్రంగా రాసి పురపాలక అధికారులకూ పోలీసులకూ ఇవ్వబోతున్నాను. మా బడి ఉపాధ్యాయినులు సంతకాలు పెట్టారు. పొద్దున్నే మైదానంలో చుట్లు కొట్టే పోలీసు ఉద్యోగార్థులు దారి కాపలాకు వస్తామన్నారు. మర్రిగూడ వైపు నుంచి మూడు చక్రాల బండ్ల మీద వచ్చేవారి పేర్లు ఒక పూర్వవిద్యార్థి సేకరిస్తున్నాడు. వాళ్లను ఆ ఉదయానికి నల్గొండ చేర్చడానికి తక్కువ ఎత్తు గల బండ్లు కావాలి, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.